అప్రూవల్ ఆలస్యం కావాలని కోరుకున్న కేసు

ఈ కేసు ఇప్పుడు రాయడానికి కారణం 2025 ఆగస్టు 15. ఆ తేదీ నుంచి వేసే గ్రీన్‌కార్డ్ అప్లికేషన్లలో పిల్లల వయసును లెక్కించే పద్ధతిని అమెరికా ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ మార్చింది. నిజానికి అది కొత్త పద్ధతి కాదు. 2023 ఫిబ్రవరి 14కి ముందున్న లెక్కకే తిరిగి వెళ్ళారు. ఆ పాత లెక్కతో నేను చేసిన కేసుల్లో బాగా గుర్తుండిపోయినది ఇదే. ఇన్నాళ్ళూ దీన్ని చరిత్రగా చూశాను. ఈమధ్య వారానికి ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు అదే ప్రశ్నతో ఫోన్ చేస్తున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. లెక్క మాత్రం యథాతథంగా ఉంచాను.

నేపథ్యం

తండ్రి 2007లో ఉద్యోగ వీసా హెచ్-1బీ మీద అమెరికా వచ్చారు. భార్య, ఏడేళ్ళ కొడుకు కుటుంబ సభ్యులకిచ్చే హెచ్-4 మీద వచ్చారు. ఒక్కడే సంతానం. అప్పటి కంపెనీ 2013 నవంబరులో పెర్మ్, అంటే గ్రీన్‌కార్డ్ కోసం కార్మిక శాఖ సర్టిఫికేషన్ అడిగే దరఖాస్తు, వేసింది. మన భాషలో చెప్పాలంటే ఆ రోజు క్యూలో టోకెన్ తీసుకున్నట్టు. దాన్నే ప్రయారిటీ డేట్ అంటాం. 2014లో ఈబీ-2 అనే ఉద్యోగ కేటగిరీలో ఐ-140, అంటే కంపెనీ వేసే గ్రీన్‌కార్డ్ పిటిషన్, వేశారు, త్వరగా తేల్చడానికి అదనపు ఫీజైన ప్రీమియం కట్టడంతో తొమ్మిది రోజుల్లో అప్రూవ్ అయింది. ఇంట్లో పాయసం చేసుకున్నామని ఆవిడ తర్వాత నాతో చెప్పారు. అప్పటికి పిల్లవాడికి పద్నాలుగేళ్ళు. ఇరవై ఒకటి అనే అంకె గురించి ఎవరూ ఆలోచించలేదు.

2018లో ఆయన కంపెనీ మారారు. పాత ప్రయారిటీ డేట్ ఆయనతోనే వచ్చింది. కొత్త కంపెనీ మళ్ళీ పెర్మ్ మొదలుపెట్టి, 2020 ఆగస్టుకి సర్టిఫై చేయించింది. అప్పటికి అబ్బాయి స్టేట్ యూనివర్సిటీలో మూడో సంవత్సరం. 2000 జనవరి 4న పుట్టాడు. అంటే 2021 జనవరి 4కి ఇరవై ఒకటి నిండుతుంది. ఆ రోజుతో హెచ్-4 అయిపోతుంది. అంతకన్నా పెద్ద దెబ్బ, చట్టం దృష్టిలో అతను ఇక 'చైల్డ్' కాదు కాబట్టి తల్లిదండ్రుల గ్రీన్‌కార్డ్ ఫైల్‌లోంచి పేరు జారిపోతుంది. దీన్నే మనవాళ్ళంతా ఏజ్ అవుట్ అంటున్నారు.

నా దగ్గరికి వచ్చిన సమస్య

2020 అక్టోబరు వీసా బులెటిన్ (క్యూ ఏ ప్రయారిటీ డేట్ వరకూ కదిలిందో నెలనెలా చెప్పే ప్రకటన) చాలా తెలుగు ఇళ్ళలో పండగ తెచ్చింది. కోవిడ్ వల్ల కాన్సులేట్లు మూతపడి, ముందటి ఏడాది ఫ్యామిలీ కోటాలో చాలా వీసాలు మిగిలిపోయాయి. చట్టం ప్రకారం అవి మరుసటి ఏడాది ఉద్యోగ కోటాకి చేరతాయి. మామూలుగా ఏడాదికి 1,40,000 ఉండే ఉద్యోగ వీసాలు ఆ ఏడాది సుమారు 2,62,000 అయ్యాయి. దాంతో ఈబీ-3 అనే ఇంకో ఉద్యోగ కేటగిరీలో ఇండియావాళ్ళు అప్లికేషన్ వేసుకునే తేదీ, అంటే డేట్స్ ఫర్ ఫైలింగ్, ఒక్కసారిగా 2015 జనవరి 1కి దూకింది. ఈబీ-2లో అది 2011 మే 15 దగ్గరే ఉంది. 2013 టోకెన్ ఉన్న ఈ కుటుంబానికి ఈబీ-3లో ఐ-140, గ్రీన్‌కార్డ్ అప్లికేషన్ అయిన ఐ-485 కలిపి ఒకేసారి వేసే దారి దొరికింది.

అక్టోబరు రెండో వారంలో ఆయన ఫోన్ చేశారు. కంపెనీ లాయర్లు పేపర్లు సిద్ధం చేస్తున్నారు, కుటుంబం తరఫున ఒకసారి చూసిపెట్టమని అడిగారు. చివర్లో మామూలుగా ఒక మాటన్నారు.

"ప్రీమియం ఫీజు ఈ 19వ తేదీన 1,440 డాలర్ల నుంచి 2,500కి పెరుగుతోందటండీ. ఈలోపే ప్రీమియంలో పంపించేస్తామని హెచ్‌ఆర్ వాళ్ళు చెప్పారు. పదిహేను రోజుల్లో అప్రూవల్ వచ్చేస్తుంది."

అబ్బాయి పుట్టినరోజు ఎప్పుడని అడిగాను. ఆయన చెప్పగానే, ప్రీమియం ఆపించమని చెప్పాను. కాసేపు అవతలి నుంచి మాట లేదు. ఏడేళ్ళుగా క్యూలో నిలబడ్డ మనిషితో నెమ్మదిగా రానివ్వండి అంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

వయసు గడియారం ఎలా పనిచేస్తుంది

2002 ఆగస్టు 6న వచ్చిన చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ యాక్ట్, సీఎస్‌పీఏ, ఇలాంటి పిల్లల కోసమే. సర్కారు ఫైల్ పరిశీలించడానికి తీసుకున్న రోజులకు పిల్లలు శిక్ష అనుభవించకూడదన్నది దాని ఉద్దేశం. అందుకని వీసా అందుబాటులోకి వచ్చిన రోజున పిల్లల వయసు చూసి, అందులోంచి ఐ-140 ఎన్ని రోజులు పెండింగ్‌లో ఉందో అన్ని రోజులు తీసేస్తారు. మిగిలింది ఇరవై ఒకటికి తక్కువైతే గట్టెక్కినట్టు.

ఇక్కడే చాలామంది తడబడతారు. బులెటిన్‌లో రెండు పట్టికలు ఉంటాయి. ఒకటి అప్లికేషన్ వేసుకోవచ్చని చెప్పే డేట్స్ ఫర్ ఫైలింగ్. రెండోది కార్డు చేతికి ఇవ్వగలిగే ఫైనల్ యాక్షన్ డేట్. 2020లో వయసు లెక్కకి పనికొచ్చేది రెండోదే. మొదటి పట్టిక చూసి అప్లికేషన్ వేసినంత మాత్రాన పిల్లల వయసు లాక్ కాదు. ఆ అక్టోబరులో ఇండియా ఈబీ-3 ఫైనల్ యాక్షన్ డేట్ 2010 జనవరి 15. మనది 2013 నవంబరు. మధ్యలో దాదాపు నాలుగేళ్ళ క్యూ ఉంది.

ఇంకో నియమం కూడా ఉంది. వీసా అందుబాటులోకి రావాలంటే తేదీ కరెంట్ అయి ఉండాలి, అంటే ఫైనల్ యాక్షన్ డేట్ మన ప్రయారిటీ డేట్‌ని దాటి ఉండాలి, ఐ-140 అప్రూవ్ కూడా అయి ఉండాలి. ఈ రెండింట్లో ఏది ఆలస్యమైతే అదే లెక్క. ఇవన్నీ కలిపి చూస్తే, ఐ-140 పెండింగ్‌లో ఉన్నన్నాళ్ళూ పిల్లల వయసు గడియారం ఆగిపోయి ఉంటుంది. అప్రూవ్ అయిన రోజు మళ్ళీ కదలడం మొదలవుతుంది. 2014లో వేసిన పాత ఐ-140 ఇక్కడ ఆదుకోదు. అది తొమ్మిది రోజులే పెండింగ్‌లో ఉంది, పైగా ఇప్పుడు గ్రీన్‌కార్డ్ అడుగుతున్నది కొత్త ఈబీ-3 పిటిషన్ ఆధారంగా.

ప్రీమియం కడితే ఏమయ్యేదో తండ్రికి కాగితం మీద వేసి పంపాను. అక్టోబరు 20న ఫైల్ చేస్తే అబ్బాయికి ఇరవై ఒకటి నిండడానికి 76 రోజులు ఉంటాయి. నవంబరు 4న అప్రూవ్ అయితే గడియారం ఆ రోజే కదులుతుంది. 76 రోజులంటే జనవరి 19. ఆలోపు ఫైనల్ యాక్షన్ డేట్ 2010 నుంచి 2013 చివరికి రావాలి. అలా వచ్చే అవకాశం లేదు. ప్రీమియం కట్టకపోతే ఆ 76 రోజులూ ఖర్చు కాకుండా ఫ్రీజర్‌లో పెట్టినట్టు ఉంటాయి.

ఆలస్యం వల్ల వచ్చే రిస్క్

ఇది నష్టం లేని సలహా కాదు. నెమ్మదిగా వెళ్ళడం వల్ల తండ్రికి నష్టం ఉండొచ్చు, దాన్ని ఆయన ముందు పెట్టకుండా నిర్ణయం నేను తీసుకోకూడదు. కోవిడ్ రోజులు, లేఆఫ్‌లు జరుగుతున్నాయి. ఐ-140 పెండింగ్‌లో ఉండగా ఉద్యోగం పోతే, కంపెనీ పిటిషన్‌ను వెనక్కి తీసుకుంటే, ముగ్గురి ఐ-485లూ కూలిపోతాయి. ఐ-485 వేసి 180 రోజులు దాటాక అలాంటి ఉద్యోగానికే మారే వెసులుబాటు ఉంది కానీ, ఐ-140 అప్రూవ్ అయి ఉంటే అది చాలా గట్టిగా నిలబడుతుంది. పెండింగ్‌లో ఉంటే ప్రతిదీ వాదించి నిరూపించుకోవాలి.

హెచ్-1బీ విషయంలో మాత్రం నాకు ధైర్యం ఉంది. 2014 నాటి ఐ-140 బతికే ఉంది, దాని మీద మూడేళ్ళ చొప్పున ఎక్స్‌టెన్షన్లు వస్తూనే ఉంటాయి. అంటే కొత్త పిటిషన్ ఆలస్యమైనా ఆయన ఇక్కడ ఉండడానికి ముప్పు లేదు. ఆ ఒక్క కారణం లేకపోతే ప్రీమియం ఆపమని ఇంత గట్టిగా చెప్పేవాణ్ణి కాదు. హెచ్-1బీ ఆరేళ్ళ హద్దు దగ్గర పడి, వెనక అప్రూవ్డ్ ఐ-140 లేనివాళ్ళకి ఇదే సలహా ఇస్తే ఇల్లంతా మునుగుతుంది.

భార్యాభర్తలిద్దరూ ఆ రాత్రి మాట్లాడుకున్నారు. పొద్దున ఆవిడే ఫోన్ చేశారు. "మా ఇద్దరికీ కార్డు ఎప్పుడొస్తే అప్పుడే రానివ్వండి. వాడు మాతో ఉండాలి."

కంపెనీ లాయర్లను ఒప్పించడానికి మూడు రోజులు పట్టింది. ఐ-140 కంపెనీ సొత్తు, ఎలా వేయాలన్నది వాళ్ళ ఇష్టం. వాళ్ళ మామూలు పద్ధతి ప్రీమియం. లెక్క రాసి పంపాక అర్థం చేసుకున్నారు. అక్టోబరు 20న ప్రీమియం లేకుండా, ముగ్గురి ఐ-485లతో కలిపి ఫైల్ అందింది.

ఫలించనిది

నా దగ్గరికి రాకముందే, ఆగస్టులో, కుటుంబం ఇంకో జాగ్రత్త తీసుకుంది. ఎవరో చెబితే అబ్బాయికి హెచ్-4 నుంచి విద్యార్థి హోదా ఎఫ్-1కి మార్చమని ఐ-539 అనే దరఖాస్తు వేశారు. అప్పటికి అది సరైన పనే. అక్టోబరులో ఐ-485 వేసేసరికి అది ఇంకా పెండింగ్‌లో ఉంది.

దాన్ని వెనక్కి తీసుకోవాలా, ఉంచాలా అన్నది నా ముందున్న ప్రశ్న. ఎఫ్-1 అడిగేవాడు చదువు అయ్యాక తిరిగి వెళ్తానని చూపించాలి. ఐ-485 వేసినవాడు ఇక్కడే ఉండిపోతానని చెబుతున్నట్టు. రెండూ ఒకే మనిషి పేరుతో ఒకే ఆఫీసులో ఉన్నాయి. అయినా ఉంచమన్నాను. ఐ-485 దెబ్బతింటే కింద ఒక వల ఉంటుందని ఆశపడ్డాను.

2021 మార్చిలో అది తిరస్కరణకు గురైంది. కారణం నేను భయపడిందే. చట్టపరంగా ఐ-485కి దాని వల్ల హాని జరగలేదు. హెచ్-4లో ఉండగానే ఐ-485 వేశాం కాబట్టి, అది పెండింగ్‌లో ఉన్నంత కాలం అబ్బాయి ఇక్కడ ఉండొచ్చు. కానీ తిరస్కరణ లెటర్ ఇంటికి వచ్చిన రోజు ఆ కుటుంబం పడిన టెన్షన్‌కి బాధ్యత నాదే. ముందే వెనక్కి తీసుకుని, ఇక ఐ-485 ఒక్కటే ఆధారమని కళ్ళు తెరిచి ఒప్పుకుని ఉంటే ఆ దెబ్బ అలా తగిలేది కాదు. అది ఆధారపడే వల కాదని నాకు అక్టోబరులోనే తెలుసు. తెలిసీ ఉంచమనడం నా తప్పు.

మే నెలలో ఆంధ్రలో సెకండ్ వేవ్‌లో తండ్రి వాళ్ళ నాన్నగారు పోయారు. అప్పుడే ఇండియా నుంచి అమెరికా రావడానికి ఆంక్షలు పెట్టారు, కాన్సులేట్లలో స్టాంపింగ్ లేదు. వెళ్తే తిరిగి రావడం ఎప్పుడో చెప్పలేని స్థితి. ఆయన ఉద్యోగం పోతే ఈ ఫైల్ మొత్తం పోతుంది. వెళ్ళొద్దని చెప్పాల్సి వచ్చింది. కర్మకాండ వీడియోలో చూశారు. ఒక ఫైల్ పెండింగ్‌లో ఉండడం అంటే ఒక కుటుంబానికి ఏమిటో చెప్పాలని ఇది రాస్తున్నాను.

76 రోజులు

2021 వేసవిలో తేదీలు పరుగెత్తడం మొదలుపెట్టాయి. మిగులు వీసాలు సెప్టెంబరు 30లోపు వాడకపోతే వృథా అవుతాయి. ఇండియా ఈబీ-3 ఫైనల్ యాక్షన్ డేట్ జులై బులెటిన్‌లో 2013 జనవరి 1కి వచ్చింది. తండ్రి ఉత్సాహంగా ఫోన్ చేశారు, ఇప్పుడు ప్రీమియంకి మారుద్దామా అని. తేదీ కరెంట్ అయ్యే నెల వరకూ ఆగుదామన్నాను. కరెంట్ అయ్యాక అప్రూవల్ తెచ్చుకుంటే గడియారం అసలు కదలదు. అంతకుముందు తెచ్చుకుంటే ఒక్కో రోజూ మన ఖాతాలోంచి పోతుంది.

మనం అడగకుండానే జులై 8న ఐ-140 అప్రూవ్ అయింది. ఆఫీసర్ ఫైల్ తీశారు, చూశారు, సంతకం పెట్టారు. సంతోషించాల్సిన వార్త విని నేను క్యాలెండర్ తీశాను. జులై 8 నుంచి 76 రోజులంటే సెప్టెంబరు 22. ఆలోపు 2013 నవంబరు కరెంట్ కావాలి. బులెటిన్ నెల మొదటి తేదీ నుంచే అమలవుతుంది కాబట్టి నిజమైన గడువు సెప్టెంబరు 1. అక్టోబరు 1కి కరెంట్ అయితే తొమ్మిది రోజుల తేడాతో అబ్బాయి చేజారిపోతాడు.

ఆగస్టు బులెటిన్ 2013 జులై 1 దగ్గర ఆగింది. సరిపోలేదు. ఆ నెల రోజులూ చేయగలిగింది ఏమీ లేదు, ఎదురుచూడడం తప్ప. సెప్టెంబరు బులెటిన్‌లో 2014 జనవరి 1 వచ్చింది. ఫోన్‌లో ఆవిడ ఏడుస్తూ మాట్లాడలేకపోయారు, ఫోన్ అబ్బాయి తీసుకున్నాడు.

సెప్టెంబరు 1 నాటికి అతనికి ఇరవై ఒకటి దాటి 240 రోజులు. ఐ-140 పెండింగ్‌లో ఉన్నది 261 రోజులు. 21 రోజుల తేడాతో లోపల ఉన్నాడు. అప్పటికే ఐ-485 వేసి ఉన్నాం కాబట్టి, వీసా అందుబాటులోకి వచ్చిన ఏడాదిలోపు అప్లై చేయాలన్న నిబంధన కూడా తీరినట్టే. ప్రీమియం కట్టి ఉంటే 225 రోజులు బయట ఉండేవాడు.

ఇంకో మలుపు

అక్టోబరులో తల్లిదండ్రుల కార్డులు వచ్చాయి. అబ్బాయికి మాత్రం తిరస్కరించబోతున్నామని నోటీసు వచ్చింది. లెక్క ప్రకారం వయసు ఇరవై ఒకటి దాటిందని అందులో రాశారు.

నోటీసు చదివితే తప్పు ఎక్కడో తెలిసింది. ఆ సీజన్‌లో అప్లికేషన్లు కుప్పలుగా వచ్చి రసీదులు నెలల తరబడి ఆలస్యమయ్యాయి. మన రసీదు 2021 జనవరి 5న ప్రింట్ అయింది. దాని మీద రెండు తేదీలుంటాయి. ఫైల్ అందిన తేదీ ఒకటి, నోటీసు తేదీ ఒకటి. ఆఫీసర్ నోటీసు తేదీ నుంచి లెక్కపెట్టారు. అలా చూస్తే పెండింగ్ 184 రోజులే, అబ్బాయి 56 రోజులు బయటున్నట్టు కనిపిస్తుంది. లెక్కించాల్సింది ఫైల్ అందిన అక్టోబరు 20 నుంచి.

జవాబుకి ముప్పై రోజులు ఇచ్చారు, నాలుగో రోజు పంపేశాను. తొందరకి కారణం ఉంది. తేదీలు ఎప్పుడైనా వెనక్కి జారొచ్చు. వయసు లాక్ అయినా, కార్డు ఇవ్వడానికి తేదీ కరెంట్‌గా ఉండాలి. జవాబు పెద్దగా రాయలేదు. ఒక పేజీలో లెక్క, వెనక రసీదు కాపీ, కొరియర్ డెలివరీ రుజువు, అప్రూవల్ నోటీసు, వీసా బులెటిన్లు. వాదన కన్నా తీసివేత కనిపించాలని ఒక్కో వరుసలో ఒక్కో తేదీ పెట్టాను.

అక్టోబరు నెలాఖరులోనే కార్డు అప్రూవ్ అయింది. నవంబరు బులెటిన్‌లో ఇండియా ఈబీ-3 ఫైనల్ యాక్షన్ డేట్ 2012 జనవరి 15కి పడిపోయింది. జవాబు పూర్తి గడువు వాడుకుని నింపాదిగా పంపి ఉంటే, వయసు గట్టెక్కినా అబ్బాయి కార్డు కోసం ఏళ్ళు ఎదురుచూసేవాడు.

దీని తర్వాత నేను మార్చుకున్నవి

ఇప్పుడు ఎవరు కొత్త ఐ-140 గురించి మాట్లాడినా మొదటి ప్రశ్న పిల్లల పుట్టిన తేదీ. పదిహేనేళ్ళు దాటిన పిల్లలుంటే ప్రీమియం అన్న మాట దగ్గర ఆగుతాను. 2023 ఫిబ్రవరి నుంచి రెండున్నరేళ్ళు ఈ జాగ్రత్త కాస్త సడలింది, అప్పుడు డేట్స్ ఫర్ ఫైలింగ్‌తోనే వయసు లాక్ అయ్యేది. 2025 ఆగస్టు 15 నుంచి వేసినవాళ్ళకి మళ్ళీ ఫైనల్ యాక్షన్ డేటే లెక్క. ఆ తేదీకి ముందు వేసి పెండింగ్‌లో ఉన్నవాటికి 2023 నాటి పద్ధతే వర్తిస్తుంది. ఫోన్ చేసేవాళ్ళలో సగం మంది ఈ రెండింటినీ కలిపేసుకుని భయపడుతున్నారు. మీ ఐ-485 ఎప్పుడు అందిందో ముందు చూసుకోండి.

ఒక హద్దు కూడా చెప్పాలి. ఆగిన గడియారం ఫైల్ చేసిన రోజు వయసు దగ్గరే ఆగుతుంది, వెనక్కి తిరగదు. ఇరవై ఒకటి దాటాక వేసిన ఐ-140 ఎన్నేళ్ళు పెండింగ్‌లో ఉన్నా ఉపయోగం లేదు. పెర్మ్‌కి పట్టే కాలం దీనికి ముందు కలుపుకోవాలి. అందుకే పంతొమ్మిదో ఏట వచ్చేవాళ్ళకి నేను చేయగలిగేది చాలా తక్కువ.

అదే 2020 అక్టోబరులో ఫైల్ చేసిన ఇంకో కుటుంబం 2021 ఏప్రిల్‌లో నా దగ్గరికి వచ్చింది. అమ్మాయి కూడా ఆ చలికాలంలోనే ఇరవై ఒకటి దాటింది. ఐ-140 ప్రీమియంలో వేశారు, నవంబరులోనే అప్రూవ్ అయింది. ఆ అప్రూవల్‌ని వెనక్కి తిప్పే దారి ఏదీ లేదు. తల్లిదండ్రులకి కార్డులు వచ్చాయి. అమ్మాయి ఇండియా వెళ్ళి ఎఫ్-1 స్టాంపింగ్ చేయించుకుని తిరిగొచ్చి చదువు పూర్తి చేసింది. నిరుడు హెచ్-1బీ లాటరీలో పేరు రాలేదు. ఈ ఏడాది మళ్ళీ వేస్తున్నారు.